చక్రం పాడేరుకి, హేండిలు కొండకి

పెదబయలు దాటాక మూడో గడ ఎదురైంది. ఈసారి గంగాభవాని బ్రేకు తొక్కలేదు.

మొదటి గడ దగ్గర ఆగింది. చిల్లర ఇచ్చింది, పాట విన్నది, పోనిచ్చారు. రెండో గడ దగ్గర చిల్లర లేదంటే బండి దింపి దింసా ఆటలోకి లాగారు. నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకున్న ఆడవాళ్ళ వరసలోంచి బయటపడేసరికి ఎండ నడినెత్తికి ఎక్కే దారిలో ఉంది. ఇప్పుడు మూడోది. రోడ్డుకి అడ్డంగా పచ్చి వెదురు గడ, దాని వెనక పదిమందికి పైగా ఆడవాళ్ళు. తలలో పువ్వులు, మోకాళ్ళ పైకి కట్టిన చీరలు, నవ్వులు.

చైత్రమాసంలో ఇటుకల పండుగంటే ఏజెన్సీలో ఇంతే. మగాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకు పోతారు. ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళు రోడ్డుని తమదిగా చేసుకుంటారు. బస్సయినా, జీపయినా, ఎంత పెద్ద ఆఫీసరయినా ఆ గడ ముందు ఆగాల్సిందే. గంగాభవాని ముంచింగిపుట్టులో పుట్టి పెరిగింది. ఈ సంగతి తెలియనిది కాదు. మామూలు రోజయితే తనే బండి దిగి ఆడేది.

ఇవాళ మామూలు రోజు కాదు.

పాడేరులో బ్రేక్ ఇన్‌స్పెక్టరు క్యాంపు. నెలకి ఒక్కసారి కొండెక్కి వస్తాడు. కాలేజీ గ్రౌండులో ముగ్గుతో ఎనిమిది గీయించి, దాని మీద బండి నడిపిన వాళ్ళకి లైసెన్సు రాస్తాడు. భోజనం వేళకి జీపెక్కి కొండ దిగిపోతాడు. కాఫీ గింజలు కొనే సంఘంలో ఊరూరా తిరిగే ఉద్యోగానికి ఇంటర్వ్యూ జరిగినప్పుడు, "బండి వచ్చా?" అని అడిగితే గంగాభవాని "వచ్చు" అంది. "లైసెన్సు ఉందా?" అంటే "ఉందండీ" అంది. మొదటిది నిజం. రెండోది ఇవాళ నిజం కావాలి. సోమవారం పొద్దున్న ఉద్యోగంలో చేరేటప్పుడు చూపించాలి. చూపించలేకపోతే జాబితాలో ఆమె తర్వాతి పేరు వాడు సిద్ధంగా ఉన్నాడు. ఇక తను తండ్రి కృష్ణమూర్తి కిరాణా కొట్టులో తక్కెడ వెనక కూర్చోవాలి. చింతపండు, ఉప్పు, బీడీ కట్టలు. మళ్ళీ చింతపండు.

అందుకే ఆగలేదు. గడ చివరకీ రోడ్డు పక్క కాలవకీ మధ్య సందు కనిపించింది. ఒక బండి పట్టేంత. గేరు మార్చి ముందు చక్రాన్ని అందులోకి దూర్చింది.

సందులో రాయి ఉంది.

బండి వేగంగా కూడా పోవడం లేదు. చక్రం రాయికి తగిలి పక్కకి తిరిగింది. బండి ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, మెల్లిగా, మర్యాదగా, కాలవలోకి ఒరిగిపోయింది. దానితో పాటు గంగాభవానీ.

ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు.

"ఓలమ్మో! దొంగదారిన పోబోనాది సూడండే!"

"సావుకారి గుంట కాదేటే ఇది? ముంచింగిపుట్టు కొట్టు పిల్ల!"

"ఓలె, మీ అయ్య తూకం కాడ నొక్కుతాడు, నువ్వు గడ కాడ నొక్కుతావేటి?"

వాళ్ళలో పొడుగ్గా, చేతిలో కర్ర పట్టుకుని ఉన్నామె ముందుకొచ్చి చెయ్యిచ్చి లేపింది. పేరు చిలకమ్మ. ఈ గడకి ఆవిడే పెత్తనం. "దెబ్బ తగిలిందేటమ్మా?" అని అడిగి, పెద్ద దెబ్బేం కాదని తెలిశాకే నవ్వింది.

"అప్పా, నీ కాళ్ళు పట్టుకుంటాను, నన్ను పోనీ. పాడేరులో పరీక్షుంది."

"ఏటి పరీక్ష?"

"బండి పరీక్ష."

"బండి పరీచ్చా? ఇప్పుడే రాసీసినావు గదే, కాలవలో!"

మళ్ళీ నవ్వులు. గంగాభవానికి నవ్వు రాలేదు. నలుగురు పట్టి బండిని రోడ్డు మీదికి లాగారు. ట్యాంకుకి చిన్న సొట్ట. అద్దం పగల్లేదు. ఒక్క తన్నుకి స్టార్టయింది. హమ్మయ్య అనుకుని ఎక్కి కూర్చుంది.

అప్పుడు చూసింది. చక్రం పాడేరు వైపు చూస్తోంది. హేండిలు ఎడమ పక్క కొండ వైపు చూస్తోంది.

హేండిలు తిన్నగా పెడితే చక్రం కుడికి పోతుంది. చక్రం తిన్నగా పెడితే ఎడం చెయ్యి పొట్టలోకి, కుడి చెయ్యి గాలిలోకి. ఇలా కింద పడకుండా రోడ్డు మీద పోవచ్చేమో. ముగ్గు గీసిన ఎనిమిది మీద తిరగడం మాత్రం కల్ల.

"ఇదేటి పెద్ద పని?" అని ఒకామె ముందు చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది. ఇంకో ఇద్దరు హేండిలు చెరో కొస పట్టి గుంజారు. కొంచెం వచ్చింది. వదిలారు. మళ్ళీ కొండ వైపే తిరిగింది.

"మా ఆయనుంటే చిటికెలో సేసేవోడు," అంది చిలకమ్మ. "బుధు మెకానిక్కు, పేరు ఇన్నావా? ఏటకి పోనాడు. ఏదో ఒకటి కొట్టందే ఇంటికి రాడులే. ఒట్టి సేతుల్తో వొచ్చినాడో, అదిగో..." అని గడ పక్కనున్న కుండ చూపించింది. పేడనీళ్ళు. పైన ఈగలు.

గంగాభవాని ఎండ వైపు చూసింది. మోకాలు చీరుకుపోయి మండుతోంది. కడుక్కొస్తానని చెప్పి రోడ్డు కింది కల్వర్టు దగ్గరికి దిగింది. ఒక నిమిషం ఒంటరిగా ఉంటే ఏడవచ్చనీ ఉంది.

ఏడవడానికి వీలు కాలేదు. కల్వర్టు గొట్టంలో ఎవరో ఉన్నారు.

"అరవకు పాపా! నీకు దణ్ణం, అరవకు!"

మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుక్కూచున్న మనిషి. పక్కన విల్లు, ఒక్క బాణం. ఒళ్ళో నూనె మరకల గుడ్డసంచీ. ఆ సంచీలోంచి పానాలు బయటికి కనబడుతున్నాయి.

"నువ్వు బుధువా?"

"మెల్లిగా! అది ఇంటాది."

"వేటకి పోలేదా?"

"పోనాను పాపా, పోకేటి? దారిలో జీపొకటి ఆగిపోనాది. ఇంజను ఇప్పినాక మద్దిలో వొదిలీలేం గదా. ఏటోళ్ళందరూ కొండ దాటిపోనారు. నాను ఈ సంచీతో మిగిలిపోనాను."

"మరి ఇంటికి పో."

"ఒట్టి సేతుల్తోనా? పైన కుండ సూసినావా? నిరుడు పోసింది. ఆ కంపుకి నా కుక్క కూడా నా కాడ పడుకోలేదు." బుధు మొహం చూస్తే నిజంగానే భయం. "ఏటోళ్ళు సాయంత్రం దిగుతారు. గుంపులో దూరిపోతాను. అందాకా ఇక్కడే."

గంగాభవాని బుర్ర పరుగెత్తింది. పైన బండి. కింద మెకానిక్కు. మధ్యలో పేడనీళ్ళు.

"బుధన్నా, నా బండి హేండిలు తిరిగిపోయింది. బాగు చేసి పెట్టు."

"ఇందాక ఇన్నాను. సేత్తాను. రేపు సేత్తాను."

"ఇప్పుడు. లేకపోతే ఇక్కడినుంచే కేకేస్తాను, 'చిలకమ్మప్పా' అని."

బుధు ఆమెని తేరిపార చూశాడు. "సావుకారి బుర్రే నీది," అన్నాడు.

పైకెళ్ళి బండికి బురదంటింది, కడుక్కొస్తానంది గంగాభవాని. చిలకమ్మ అనుమానంగా చూసింది. గడ ఎగ్గొట్టబోయిన మనిషిని నమ్మడమెలా? "సెప్పులిక్కడ ఇప్పీసి పో. పూచీ," అంది. విప్పేసింది. కాళ్ళు కాలుతుంటే బండిని పక్క బాటన కిందికి నెట్టుకుపోయింది.

బుధు గొట్టంలోంచి సగం బయటికొచ్చాడు. చక్రం ముందు గొంతుక్కూచుని, రెండు పక్కలా ఉన్న షాకబ్జర్ రాడ్లని వేళ్ళతో నిమిరాడు. ఒక కన్ను మూసి చూశాడు. భయం ఎటుపోయిందో పోయింది.

"రాడ్లు వొంగలేదు. పట్టులో తిరిగినాయి, అంతే. ఇదిగో, ఈ రెంటినీ కిందొక టీ, పైనొక టీ పట్టుకునుంటాయి." చూపించాడు. చక్రానికి పైన రాడ్లని అడ్డంగా బిగించి పట్టుకున్న ఇనప పట్టీ ఒకటి, హేండిలు కింద ఇంకొకటి; వాటినే టీలంటాడు. "అందరూ సక్రం కాళ్ళ మద్దిన ఎట్టి గుంజుతారు. అలా గుంజితే వొత్తాది, మళ్ళీ పోతాది. అన్నీ వొదులు సేసి, బండిని దాని మానాన ఊపాల. అదే సర్దుకుంటాది."

"బేగి కానీ."

ఇరుసు నట్టు వదులైంది. పై టీ బోల్టులు వదులయ్యాయి. కింద టీ దగ్గర బుధు చెయ్యి ఆగింది.

"ఓరి! ఇది ఇయ్యాల్టిది కాదు పాపా."

"ఏది?"

"వొంకర. ఇయ్యాల తిరిగింది కొంచివే. దీని కింద పాత వొంకరుంది. తుప్పు సూడు, రాడ్డు ఏడున్నాదో గీత పడిపోనాది. ఎప్పుడో ఎవులో పడేసి, అలాగే బిగించీసినారు. ఈ బండి మీదేనా నేర్సుకున్నావు?"

బండి అన్నయ్య దేవీప్రసాద్‌ది. ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. దాని మీదే ఏడాదిగా సంత మైదానంలో తిరిగి నేర్చుకుంది. హేండిలు ఎప్పుడూ కాస్త ఎడమకే ఉండేది. బళ్ళన్నీ అలాగే ఉంటాయనుకుంది.

"అంటే నువ్వు తిన్నగా చేస్తే..."

"కొత్త బండెక్కినట్టుంటాది. రెండ్రోజుల్లో అలవాటైపోద్ది."

"రెండ్రోజులా! బుధన్నా, ఇవాళే పరీక్ష! పాత వంకరకే బిగించెయ్యి. నాకదే అలవాటు."

బుధు ఆమె వైపు ఎలా చూశాడంటే, పెళ్ళిభోజనంలో బూడిద వడ్డించమన్నట్టు చూశాడు.

"వొంకరగా బిగించమంటావా? బుధు సేత్తో?"

"నీ పేరెవరికీ చెప్పను!"

"బోల్టుకి తెలుస్తాది గదా!" అంటూనే కింది బోల్టు తిప్పేశాడు. ఆ క్షణంలో రాడ్లు రెండూ సన్నగా మూలిగి వాటంతటవే కదిలాయి. ఎన్నాళ్ళుగానో బిగబట్టుకున్న ఊపిరి వదిలినట్టు. "అదిగో, పోనాది. ఇంక పాత వొంకర నాకూ దొరకదు. ఎక్కు. ముందు బ్రేకు అట్టుకుని ఊపు."

గంగాభవానికి ఒళ్ళు మండిపోయింది. కానీ ఇప్పుడు చేసేదేముంది? ఎక్కింది. బ్రేకు పట్టి బరువంతా హేండిలు మీద వేసి ఊపింది. ఎండిపోయిన షాకబ్జర్లు కీచుమన్నాయి. ఊపింది. కీచు. మళ్ళీ ఊపింది. కీచు.

పైన పాట ఆగిపోయింది.

మెకానిక్కు పెళ్ళాం చెవులవి. పొయ్యి దగ్గరున్నా, పొలంలో ఉన్నా ఆ చప్పుడు చిలకమ్మకి తెలుసు. ఆడపిల్ల బండి కడిగితే రాని చప్పుడది.

"ఓలె!" అని ఒక్క కేక. ఆ వెనకే గలగలమని గాజుల చప్పుడు గట్టు దిగింది.

బుధు గొట్టంలో దూరబోయాడు. సగం దూరాక కాళ్ళు దొరికాయి.

"ఏట కొట్టుకొచ్చినావా మావా? ఏదీ? లేడా, పందా? గొట్టంలో దాసినావా?"

"జీపే, జీపు బాగు సేత్తా మిగిలిపోనానే!" అన్నాడు బుధు.

"జీపు కొట్టినాడే! జీపు!" అంది ఇంకొకామె.

"అప్పా, ఆగండి!" గంగాభవాని అడ్డం పడింది. "బోల్టులన్నీ వదులుగా ఉన్నాయి. పది నిమిషాలు వదలండి, బిగించాక మీ ఇష్టం."

"నీళ్ళు పడందే మా ఊళ్ళో ఒట్టి సేతులోడు దేన్నీ ముట్టడు," అంది చిలకమ్మ. "నువ్వు ఈణ్ణి దాసినావా? నీకూ ఉంది."

ఎక్కడినుంచో చెంబెడు పేడనీళ్ళు వచ్చి గంగాభవాని భుజం మీద పడ్డాయి. బుధుని కాళ్ళూ చేతులూ పట్టి గట్టు మీదికి మోసుకుపోయారు. కిందికి నవ్వులు వినిపిస్తున్నాయి, డప్పు వినిపిస్తోంది. కుండ ఖాళీ అయిన చప్పుడు కూడా వినిపించింది.

గంగాభవాని ఒక్కతే మిగిలింది. ఎదురుగా కీళ్ళన్నీ ఊడిన బండి. కాళ్ళ దగ్గర పానాల సంచీ. నీడ చూస్తే పాదాల కిందికి వచ్చేస్తోంది.

పానా అందుకుంది. ఏది ముందు?

"బుధన్నా! ఏది ముందు బిగించాలి?"

డప్పు మోత. తర్వాత పేడనీళ్ళు ఉమ్మేస్తున్న గొంతు. "కింద టీ! కింద టీ పాపా! మరీ గట్టిగొద్దు, తెగిపోద్ది!"

"ఆడరా మావా, ఆడు! బోల్టులు తరవాత!"

"ఆడతన్నాను గదే! పాపా! కింద అయినాదా? పై టీ! మళ్ళీ ఊపు!"

బిగించింది. ఊపింది. చక్రానికి ఎదురుగా నిలబడి, అతను చూసినట్టే ఒక కన్ను మూసి చూసింది. చక్రమూ హేండిలూ ఒకే వైపు చూస్తున్నాయి. చక్కగా, తిన్నగా ఉంది. పరాయి బండిలా ఉంది.

"ఇరుసు! ఇరుసు నట్టు మరిసిపోకు, సక్రం ఊడిపోద్ది!" గొంతు దూరమైపోయింది. ఊరేగింపు ఊరివైపు కదిలినట్టుంది.

ఇరుసు నట్టుకి పానా తగిలించి, కాలితో తొక్కి మరీ బిగించింది. బండిని గట్టెక్కించింది. గడ కాపలాకి మిగిలిన ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ గడ ఎత్తేసింది. చెప్పుల సంగతి గంగాభవానికి గుర్తు రాలేదు.

రోడ్డు మీద మొదటి మలుపులోనే తెలిసింది. బుధు చెప్పింది తక్కువ. చేతులు ఏడాదిగా నేర్చుకున్నది ఒకటి, బండి చేస్తున్నది ఇంకొకటి. తిన్నగా పోతున్నాననుకుంటే బండి గట్టు వైపు జరుగుతోంది. చెయ్యి సర్దితే లోయ వైపు జరుగుతోంది. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు హారన్ కొట్టి ఏదో తిట్టాడు. ఒట్టి పాదానికి గేరు గుచ్చుకుంటోంది. నెమ్మదిగా పోదామంటే ఎండ ఊరుకోదు. వేగంగా పోదామంటే చేతులు ఊరుకోవు. మలుపు మలుపుకీ తనలో తను గొణుక్కుంది: ఎడమ కాదు, తిన్నగా. ఎడమ కాదు. తిన్నగా.

పాడేరు కాలేజీ గ్రౌండుకి చేరేసరికి జనం పలచబడ్డారు. జీపు డ్రైవరు జీపు అద్దం తుడుస్తున్నాడు. చెట్టు కింద బల్ల దగ్గర బ్రేక్ ఇన్‌స్పెక్టరు సర్వేశ్వరరావు టీ తాగుతున్నాడు. వచ్చిన మనిషిని పైనుంచి కిందికి చూశాడు. భుజం మీద పేడ, మోకాలి దగ్గర నెత్తురు, కాళ్ళకి చెప్పుల్లేవు.

"ఏమ్మా, బండి మీద వచ్చావా, బండి కింద వచ్చావా?"

"ఇటుకల పండుగ సార్."

"ఓహో. నన్ను పొద్దున్న రెండు చోట్ల ఆపారు. చెప్పులేవీ?"

"పూచీ పెట్టాను సార్."

ఆయనకి అర్థం కాలేదు గానీ, పేరు చూసుకుని, ముగ్గు గీతల వైపు తలాడించాడు. "కానీ. కాలు కింద పెట్టకూడదు."

గంగాభవాని ఎనిమిదిలోకి దిగింది. మొదటి చుట్టు సగం దాకా గొణుక్కుంటూనే పోయింది. మధ్యలో గీతలు దాటుకునే చోట కుడికి తిరగాలి. బుర్ర కుడి అంది. చేతులు పాత లెక్క ప్రకారం తిప్పాయి. ఎక్కువైపోయింది. బండి ఒరిగింది. కాలు దానంతటదే నేల మీద పడింది.

"అయిపోయిందమ్మా. వచ్చే నెల రా."

వచ్చే నెల. తక్కెడ. చింతపండు.

"సార్, ఒక్క మాట. బండి సరిగ్గా ఉంది సార్."

"ఉంటే?"

"అదే సార్ ఇబ్బంది. పొద్దున్నదాకా వంకరగా ఉండేది. నేను వంకర దాని మీద నేర్చుకున్నాను. దారిలో పడ్డాను. మెకానిక్కు తిన్నగా చేసేశాడు. వద్దన్నా వినలేదు."

సర్వేశ్వరరావు గ్లాసు కింద పెట్టాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన 'బండి బాగాలేదు సార్' అని వినని రోజు లేదు. బాగుంది సార్ అని ఏడిచిన మనిషిని ఇదే చూడటం. లేచి వచ్చాడు. బండెక్కి కూర్చుని, హేండిలు అటూ ఇటూ తిప్పి, దిగి, ముందు నిలబడి చూశాడు. టీ బోల్టుల దగ్గర తుప్పు మీద మెరుస్తున్న కొత్త గీతలని వేలితో తడిమాడు.

"ఎవడు చేశాడోగానీ బాగా చేశాడు," అన్నాడు. తర్వాత వెనక మిగిలిన ఇద్దరి వైపు చూశాడు. "వాళ్ళది అయ్యేదాకా టైముంది. ఆ గోడ పక్కన తిరుగుతావో, ఏం చేస్తావో నీ ఇష్టం. తర్వాత ఒక్కసారి. కాలు పెట్టావో, నేనింకేం వినను."

గోడ పక్కన తిరిగింది. హేండిలు వంక చూస్తే చేతులు పాత బుద్ధికే పోతున్నాయి. చూడటం మానేసింది. గోడ చివరికి చూసింది. మోకాళ్ళతో ట్యాంకుని గట్టిగా నొక్కి పట్టుకుంది. చీరుకుపోయిన మోకాలు భగ్గుమంది. ఆ మంట మీదే మనసు పెట్టింది. మనసు మోకాలి మీద ఉన్నంతసేపూ చేతులు గోల చెయ్యడం మానేశాయి. బండి గోడ వెంట ఒక గీతలా పోయింది. తిరిగొచ్చింది. మళ్ళీ పోయింది.

"అమ్మాయ్! రా!"

ఎనిమిదిలోకి దిగింది. ముగ్గు గీత ఎక్కడికి పోతోందో అక్కడికే చూపు. మొదటి చుట్టు. మధ్య గీతల దగ్గర ఊపిరి బిగబట్టింది. బండి ఒకసారి ఊగింది, కాలివేళ్ళు నేలకి బెత్తెడు దూరం దాకా దిగాయి, మళ్ళీ పైకి లేచాయి. రెండో చుట్టు. మళ్ళీ మధ్య. దాటింది. నమ్మకం కుదరక ఇంకోసారి తిరిగింది. దాటింది. పాత చేతులు ఎక్కడో పొంచి ఉన్నాయనీ, ఆగితే చాలు వచ్చి పడతాయనీ అనిపించి, మళ్ళీ తిరిగింది.

"చాలమ్మా! పాస్ రాసేశాను! ఇంక ఆపు, నాకు ఆకలేస్తోంది!"

వినిపించింది. ఇంకొక్క చుట్టు తిరిగి, అప్పుడు ఆపింది.